వేసినచోట ఉండని గుడారం

మా మరదలికి ఒకే ఒక్క గుణం. తనకి వేసిన గుడారాన్ని వేసినచోట ఉండనివ్వదు. ఆఖరి మేకు దిగ్గొట్టి, నడుం పట్టుకుని, అమ్మయ్య అనుకుంటూ నేను లేచి నిలబడేసరికి, ఆవిడ నాలుగు దిక్కులూ ఓసారి చూసి, ఎంతో ప్రేమగా అనేది.

"ఇక్కడ కాదు బావా."

మేం వెళ్ళేది ఏ హడావుడీ లేని చోటికి. నేషనల్ పార్కులో తారురోడ్డు అయిపోయి, కంకరరోడ్డు అయిపోయి, ఇక నావల్ల కాదని కారు మూలిగాక వచ్చే ఒక క్యాంపు మైదానం. ఒక కుళాయి, రెండు రాతిబల్లలు, రేకుల తలుపున్న మరుగుదొడ్డి, చివర చిన్న వాగు, చుట్టూ ఆకాశం కనపడనివ్వని చెట్లు. ఏటా సెలవులకి మేం నలుగురం అక్కడికే పోయేవాళ్ళం. నేను, మా ఆవిడ, మా ఆవిడ చెల్లెలైన ఈ మరదలు, ఆమె మొగుడు, అంటే నా తోడల్లుడు. ఇప్పుడు ఆ గుడారం మా అటక మీద చుట్టబెట్టి ఉంది. దాని పక్కనే సుత్తి. ఆ సుత్తి పిడి నున్నబడిపోయింది. మేకులు కొట్టి కాదు, పీకి.

నేను డ్రైవింగ్ స్కూల్లో నేర్పేవాణ్ణి. పొద్దున్నుంచి పక్కసీట్లో కూర్చుని "ఎడమకు తిప్పు, కుడికి తిప్పు, వెనక్కి, ఆపు" అని ఊళ్ళోవాళ్ళందరినీ ఆడించేవాణ్ణి. ఏడాది పొడుగునా చేసిన ఆ పాపం ఆ మైదానంలో మా మరదలి చేతిలో కడుక్కునేవాణ్ణి.

"కొంచెం కుడికి బావా. ఇంకొంచెం. అబ్బే, అంత కాదు. వెనక్కి రండి. ఆగండి. ఇక్కడ చీమలున్నాయి."

"అడవన్నాక చీమలుండవా అమ్మాయ్?"

"ఉంటాయి. కానీ ఇవి అదోరకంగా తిరుగుతున్నాయి."

చీమల తర్వాత వేరు. వేరు వీపుకి తగులుతుంది. వేరు లేనిచోట ఏటవాలు. ఏటవాలు లేనిచోట ఎండ. నీడలో వేస్తే చలి. చలి లేనిచోట గాలి ఆడదు. ఇవన్నీ అయిపోయాక ఒకసారి ఏ కారణమూ దొరక్క ఒక చెట్టుని ఎగాదిగా చూసి, "ఇది నాకు నచ్చలేదు బావా, నన్నే చూస్తున్నట్టుంది" అంది. చెట్టుతో వాదించలేక మేకులు పీకాను.

అలా జరిగి జరిగి, సాయంత్రానికి వాళ్ళ గుడారం మైదానం చివర వాగు గట్టు మీద తేలేది. మా గుడారం మాత్రం హాయిగా కుళాయి పక్కన ఉండేది. అక్కాచెల్లెళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే మధ్యలో ఒక ప్రయాణం. క్యాంపులో పాత గార్డు మా మరదలికి "ఇక్కడకాదమ్మ" అని పేరు పెట్టాడు. మా కారు కనపడగానే ఎదురొచ్చి, "ఇక్కడకాదమ్మగారు బాగున్నారా?" అని అడిగేవాడు. ఆవిడ ఏమాత్రం నొచ్చుకోకుండా, "బాగున్నాను, ఈసారి జనం ఎక్కువున్నారా?" అని ఎదురు అడిగేది.

తమాషా ఏమిటంటే, ఊళ్ళో మా మరదలంత స్థిరమైన మనిషి లేదు. కర్టెన్ల కొట్టులో గుడ్డ కత్తిరించే పని ఆవిడది. కొనేవాళ్ళు కిటికీ కొలతలు చెప్తూ, అంతా ఇంతా అని నసుగుతుంటే, చేతులు చాపించి చూసి, "అర్థమైంది, జరగండి" అని కత్తెర పెట్టేసేది. రెండోసారి కొలవడం, తడబడటం, అయ్యో అనడం ఆ ఇంటా వంటా లేవు. ఒక షావుకారు భార్య "రంగు మారుద్దామా?" అని అడిగితే, "మీ గోడ మార్చుకోండి, గుడ్డ తెగింది" అందట.

"కత్తెర పట్టుకుంటే ఒక్కమాట మనిషివి కదా" అని నేనోసారి మేకు పీకుతూ అడిగాను. "గుడారం దగ్గరకొచ్చేసరికి ఆ బుద్ధంతా ఎక్కడికి పోతుంది?"

"గుడ్డ కదలదు బావా. అందుకని" అంది.

అర్థం కాలేదు. అయినా ఆవిడ మాటలు అర్థం చేసుకునే ప్రయత్నం నేను ఏనాడో మానేశాను.

మా ఆవిణ్ణి అడిగాను. "మీ చెల్లెలు చిన్నప్పట్నుంచీ ఇంతేనా?"

"లేదండీ. చిన్నప్పుడు ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉండేది."

"మరి ఈ రోగం ఎప్పుడు పట్టుకుంది?"

"పెళ్ళయ్యాక" అని మా ఆవిడ ఎందుకో అటు తిరిగి నవ్వుకుంది.

పెళ్ళయ్యాక వచ్చిన వింతలు ఇంకా ఉన్నాయి. అద్దె ఇళ్ళు చూడ్డానికి వెళ్ళి, తోటలో ఉన్న ఇల్లు వద్దంది, పార్కు ఎదురుగా ఉన్న ఇల్లు వద్దంది. చివరికి రైలు పట్టాల పక్కన, రాత్రంతా గూడ్సు బళ్ళు పోయే వీధిలో ఒక ఇంటికి ముచ్చటపడి అడ్వాన్సు ఇచ్చింది. రైలు వెళ్తుంటే కప్పులు అలమర్లో గలగలమనేవి. పైగా ఆ ఇంట్లో రాత్రిళ్ళు చుట్టాల్ని ఉండమనేది కాదు. కడుపునిండా భోజనం పెట్టి, మంచి మాటలు చెప్పి, చీకటిపడేసరికి చెప్పులు వీధివైపు తిప్పి పెట్టేది. "మీ మరదలికి మనుషులంటే పడదు" అని బంధువుల్లో మాట పుట్టింది. పడకపోవడం ఏమీ లేదని నాకు తెలుసు. ఎందుకలా చేస్తుందో మాత్రం తెలీదు.

ఇక మా తోడల్లుడి సంగతి చెప్పాలి. అతను లైబ్రేరియన్. "నిశ్శబ్దం" అని రాసిన బోర్డు కింద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. కూర్చుని కూర్చుని ఆ బోర్డే మనిషైపోయాడు. గ్లాసులో చెంచా తిప్పితే చెంచా గ్లాసుకి తగలదు. పేపరు మడిస్తే మడిచినట్టు తెలీదు. వెనకనుంచి వచ్చి పక్కన నిలబడి, "అన్నయ్యగారూ" అంటే నేను చాలాసార్లు ఎగిరిపడ్డాను. కారు తలుపు అందరిలా దబ్బుమని వెయ్యడు. దగ్గరికి నెట్టి, నడుంతో మెల్లగా అదిమి, చంటిపిల్లని పడుకోబెట్టినట్టు వేస్తాడు. మా డ్రైవింగ్ స్కూలు కారుకి కూడా అలాగే వేసేవాడు. ఆ కారు తలుపు అలా వేస్తే పడదు. దారిలో రెండుసార్లు తెరుచుకుంది.

అతనికి ఆస్తి లేదు, పెద్ద జీతం లేదు, పదిమందిలో చెప్పుకునే ప్రతిభ లేదు. ఉన్న గర్వమల్లా ఒకటే. "నావల్ల ఇంతవరకు ఎవరికీ చెవులకి కష్టం కలగలేదు అన్నయ్యగారూ" అనేవాడు. అన్నప్పుడు గుండె కొంచెం ముందుకొచ్చేది.

ఆ క్యాంపంటే అతనికి ప్రాణం. లైబ్రరీ వెనక ఇనప సామాన్ల కొట్టు, ఎదురుగా స్కూటర్ల షెడ్డు. ఆ మోతలో ఏడాదంతా పళ్ళు బిగించుకుని కూర్చుని, ఆ సెలవుల కోసం బతికేవాడు. కారు దిగగానే చెట్లకింద నిలబడి కళ్ళు మూసుకునేవాడు. "విన్నారా?" అనేవాడు. "ఏమిటి?" అంటే, "ఏమీ లేదు. అదే" అనేవాడు. అతని మొహం అంత తేటగా నేను ఇంకెక్కడా చూడలేదు. అందుకే మా మరదలు ఎన్ని మేకులు పీకించినా ఆ ప్రయాణం మానుకుందామని మాలో ఎవరం అనలేదు.

క్యాంపులో ఎవరైనా రేడియో పెడితే, పాత్రలు గట్టిగా కడిగితే, మా తోడల్లుడు వెళ్ళి చేతులు కట్టుకుని చెప్పేవాడు. "ఏమనుకోకండి. ఇంతదూరం వచ్చింది చప్పుడు తెచ్చుకోడానికి కాదు కదా." అంత మర్యాదగా చెప్తే ఎవరైనా వినక ఏం చేస్తారు? పాత్రలు ఇసకతో మెల్లగా రుద్దుకునేవాళ్ళు.

ఇంత నిశ్శబ్దంలోనూ ఒక్క బెడద ఉండేది. జంతువు.

పొద్దున్నే కుళాయి దగ్గర వాగువైపు గుడారాలవాళ్ళు కళ్ళు ఎర్రగా చేసుకుని చెప్పుకునేవాళ్ళు. రాత్రి ఏదో జంతువు అరిచిందని. ఎలుగుబంటి అని ఒకరు, అడవిపంది అని ఒకరు, ఎలుగుబంటి అడవిపందిని తింటోందని ఇంకొకరు. ఎవరూ చూడలేదు, అందరూ విన్నారు. మా గుడారం దూరం కాబట్టి నాకు వినపడేది కాదు. నేను పడుకుంటే మీదనుంచి లారీ పోయినా లేవను, అది వేరే సంగతి.

మా తోడల్లుడికి ఆ జంతువు గొంతు ఒక్కసారైనా వినాలని మహా కోరిక. లైబ్రరీలోంచి జంతువుల పుస్తకాలు తెచ్చుకుని, పొద్దున్నే విన్నవాళ్ళ చుట్టూ తిరిగేవాడు. "ఎలా అరిచిందండీ? కొంచెం అరిచి చూపిస్తారా?"

ఒక ఏడాది పళ్ళ డాక్టరొకాయన వచ్చాడు. పెద్దమనిషి, కళ్ళజోడు, ఇస్త్రీ చొక్కా. మొదట సిగ్గుపడ్డాడు. మావాడు బతిమాలితే కాదనలేక, టీ గ్లాసు పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, రాతిబల్ల మీద కూర్చుని జంతువులా అరిచాడు. ముందు బురదలో లారీ చక్రం తిరిగినట్టు ఘుర్రుమని చాలాసేపు. తర్వాత ఏమీ లేదు. చచ్చిందేమో అనుకునేంతలో సన్నగా ఈల.

మా తోడల్లుడు కళ్ళు మూసుకుని శ్రద్ధగా విన్నాడు. "మళ్ళీ ఒక్కసారి" అన్నాడు. డాక్టరు మళ్ళీ అరిచాడు. ఈసారి ఆయనకీ ఉత్సాహం వచ్చింది.

"ఇవి రెండు జంతువులు" అని మావాడు తేల్చాడు. "ఘుర్రుమనేది మగది. ఈల వేసేది ఆడది. ఇది పిలుస్తోంది, అది పలుకుతోంది."

మా మరదలు అందరికీ టీ పోస్తోంది. నా గ్లాసు నిండి, పొర్లి, నా వేళ్ళ మీద పడింది.

"చూసి పొయ్యి అమ్మాయ్."

"చీమలు బావా" అంది. టీ పొయ్యడానికీ చీమలకీ ఏమిటి సంబంధమో నేను అడగలేదు.

"ప్రమాదమేమైనా ఉందా?" అని మా ఆవిడ గార్డుని అడిగితే, అతను చెట్లవైపు చూస్తూ, "లేదమ్మా, ఎన్నో ఏళ్ళుగా వస్తోంది. మహా మంచి జంతువు" అన్నాడు.

"నాకు మాత్రం వినే రాత లేదు" అని మా తోడల్లుడు దిగులుగా పుస్తకం మూశాడు. "అది అరిచేసరికి నేను నిద్రపోతుంటాను."

కథ ఇలాగే నడిచేది, కొత్త రేంజరు రాకపోతే. కుర్రతనం, కొత్త యూనిఫారం, ఎవరికీ ఏ హానీ జరగకూడదనే గట్టి పట్టుదల. ఆయన ఆఫీసుకి జంతువు మీద ఫిర్యాదులు చాలా వెళ్ళాయట. ఆ ఏడాది మేం వెళ్ళేసరికి ఆయన మైదానం మధ్యలో నిలబడి అందర్నీ పోగుచేశాడు.

"ఆ జంతువేదో తేలాలి. తేలకపోతే ఈ క్యాంపు మూసేస్తాం. మళ్ళీ తెరవడమంటూ ఉండదు. మనుషుల ప్రాణాలతో ఆటలాడలేను" అన్నాడు.

మా తోడల్లుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా వెంటనే చెయ్యెత్తాడు. "రాత్రంతా నేను కాపలా ఉంటానండీ. నేను చప్పుడు చెయ్యను. అది వస్తే ఏమిటో గుర్తుపట్టి చెప్తాను. దాన్నిబట్టి ఏదైనా దారి చూడొచ్చు."

మా మరదలు వద్దంటుందనుకున్నాను. "మంచి ఆలోచన" అంది. "బాగా మేలుకోండి. ఫ్లాస్కు నిండా టీ పోసిస్తాను."

ఆ రాత్రి మావాడు, రేంజరు, గార్డు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. మావాడు రెప్ప వెయ్యలేదు. జంతువు రాలేదు. ఘుర్రూ లేదు, ఈలా లేదు. వాగువైపువాళ్ళు జన్మలో మొదటిసారి నిద్రపోయినట్టు మొహాలు వెలిగిపోతూ లేచారు.

ఇంకేం, గండం గడిచిందనుకున్నాం. రేంజరు తల అడ్డంగా ఊపాడు.

"మనుషులు కాపలా ఉన్నారని పసిగట్టింది. అంటే తెలివైన జంతువు. తెలివైనదైతే మరీ ప్రమాదం. సాయంత్రంలోగా అందరూ సర్దుకోండి. క్యాంపు మూసేస్తున్నాం."

ఆ మాట విన్నాక మా తోడల్లుడు కుళాయి దగ్గరికి వెళ్ళి, కారుతున్న కుళాయిని గట్టిగా కట్టి, అక్కడే నిలబడిపోయాడు. "ఇక రాం కదా అన్నయ్యగారూ" అన్నాడు. పక్కసీట్లోంచి బ్రేకు తొక్కే అలవాటున్నవాణ్ణి, అప్పుడు తొక్కడానికి ఏమీ దొరకలేదు.

మా మరదలి వాలకం మాత్రం నాకు వింతగా తోచింది. రేంజరు దగ్గరికి వెళ్తుంది, నోరు తెరుస్తుంది, మొగుడివైపు చూస్తుంది, వెనక్కి వచ్చేస్తుంది. మళ్ళీ వెళ్తుంది, మళ్ళీ వస్తుంది. మధ్యమధ్యలో మొగుణ్ణి కూర్చోనివ్వదు. "ఏమండీ, ఆ తాడు చుట్టండి. ఏమండీ, ఆ పక్షి పేరేమిటి? ఏమండీ, ఇంకో టీ తాగండి." రాత్రంతా నిద్రలేని మనిషి తూలిపోతున్నాడు.

"కాసేపు పడుకోనివ్వవే" అంది మా ఆవిడ.

"ఇప్పుడొద్దక్కా" అంది మా మరదలు, ఏడుపు గొంతుతో.

భోజనాలయ్యాక ఆవిడ నీళ్ళకని బకెట్టు పట్టుకుని కుళాయికి వచ్చింది. అంతే, అంతమాత్రం సందు దొరికింది. వాగు గట్టు మీది గుడారంలోంచి పట్టపగలు, నడినెత్తిన సూర్యుడుండగా, మొదలైంది.

ఘుర్రు. చాలాసేపు. తర్వాత ఏమీ లేదు. తర్వాత ఈల.

ఆ ఏడాదీ వచ్చిన పళ్ళ డాక్టరు సర్దుతున్న పెట్టె వదిలేసి, "అదే, అదే" అన్నాడు. సర్దుకుంటున్నవాళ్ళందరూ పనులాపి గుమిగూడారు. రేంజరు కర్ర పుచ్చుకుని, వేలు పెదాలమీద పెట్టి, మునివేళ్ళమీద ముందు నడిచాడు. వెనక గార్డు, వెనక నేను, నా వెనక డాక్టరు. గుడారం దగ్గరపడేకొద్దీ గుడ్డ ఉబ్బడం, తగ్గడం కనపడుతోంది. రేంజరు కర్రతో తెర కొంచెం ఎత్తాడు.

లోపల నా తోడల్లుడు. చాతీ మీద జంతువుల పుస్తకం, చేతిలో ఖాళీ గ్లాసు, నోరు బార్లా తెరిచి. చెంచా చప్పుడుకే భయపడే మనిషి, అడవిని హడలగొట్టేస్తున్నాడు.

రేంజరు తెర వదిలేశాడు. ఒకళ్ళిద్దరు కిసుక్కుమన్నారు. డాక్టరు పకపకా నవ్వాడు. ఆ నవ్వుకి లోపల గురక ఆగింది. మనిషి రేగిన జుట్టుతో, కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చాడు.

"వచ్చిందా? నాకు నిద్ర పట్టేసింది. ఎటు పోయింది?"

అందరూ అతన్నే చూస్తున్నారు. అతను ఒక్కొక్క మొహమూ చూస్తున్నాడు. రేంజరు గొంతు సవరించుకున్నాడు. చెప్పెయ్యడం ఆయన ఉద్యోగం.

అప్పుడు మా మరదలు బకెట్టు పట్టుకుని, సగం నీళ్ళు ఒంటిమీదే పోసుకుంటూ, జనాన్ని తోసుకుని వచ్చి అడ్డంగా నిలబడింది.

"జంతువు కాదండీ. నేనే. గురక నాది. ఇప్పుడే కాస్త నడుం వాల్చాను."

వాల్చిన నడుం కింద చీర తడిసి ముద్దై ఉంది. చేతిలో బకెట్టు. ఊపిరి అందక రొప్పుతోంది. కుళాయి దగ్గర్నుంచి ఆవిడ పరిగెత్తుకు రావడం క్యాంపంతా చూసింది. డాక్టరు వేలెత్తి, "కానీ ఇప్పుడు..." అన్నాడు. నేను ఆయన పాదం మీద నా బ్రేకు కాలు పెట్టి పూర్తిగా నొక్కాను.

రేంజరు మా మరదల్ని చూశాడు, బకెట్టుని చూశాడు, మా తోడల్లుణ్ణి చూశాడు. కుర్రవాడైనా మనసున్నవాడు.

"అవునండీ, ఆవిడదే" అన్నాడు. "నేను చెవులారా విన్నాను. గురకకి క్యాంపు మూసే రూలు లేదు. అందరూ మూటలు విప్పుకోండి, ఉండండి."

గార్డు ఆకాశంలోకి చూస్తూ, "చెప్పాను కదండీ, మంచి జంతువని" అన్నాడు.

మా తోడల్లుడు భార్య చేతిలోంచి బకెట్టు తీసుకుని చప్పుడు కాకుండా కింద పెట్టాడు. "ఇన్నేళ్ళుగా నీ పక్కనే పడుకుంటున్నాను. నాకెప్పుడూ వినపడలేదే" అన్నాడు.

"మీది మొద్దునిద్ర కదండీ."

తర్వాత అతను చేసిన పని చూడలేకపోయాం. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, చేతులు జోడించి, భార్య తరఫున క్షమాపణ చెప్పుకున్నాడు. "పాపం, తను కావాలని చెయ్యదండీ. మనసులో పెట్టుకోకండి." ఒకావిడ చెంగు నోట్లో కుక్కుకుంది. పళ్ళ డాక్టరు పన్నునొప్పి వచ్చినట్టు దవడ పట్టుకుని అటు తిరిగిపోయాడు.

సాయంత్రం వాగు దగ్గర పట్టుకున్నాను మరదల్ని. చీమలూ, వేళ్ళూ, ఆవిణ్ణి చూసిన చెట్టూ, రైలు పట్టాల ఇల్లూ, చుట్టాలకి తిప్పి పెట్టిన చెప్పులూ, అన్నీ ఒక్కసారిగా నా బుర్రలో వరసగా వచ్చి కూర్చున్నాయి. పక్కన ఎవరైనా కొత్తగా గుడారం వేసినప్పుడల్లా ఆవిడకి చీమలు కనపడేవి. ఇన్నేళ్ళూ నేను చీమల్నే వెతికాను.

"పెళ్ళైన కొత్తలో మేమిద్దరమే వచ్చాం బావా ఇక్కడికి" అంది. "పొద్దున్నే పక్క టెంటాయన వచ్చి, గురక పెట్టేవాణ్ణి పంపించెయ్యమని గార్డుతో గొడవపడుతున్నాడు. ఈయన పక్కనే నిలబడి, 'ఎవరండీ అంత ఇంగితం లేని మనిషి?' అని అడిగారు. ఆ మొహం చూసి ఎలా చెప్పను? చెప్తే ఇంకెప్పుడూ రారు. ఇక్కడికే కాదు, ఎవరింటికీ వెళ్ళరు."

"నాకు చెప్పొచ్చు కదా. మొదటే తీసుకెళ్ళి వాగు పక్కన వేసేసేవాణ్ణి. నా నడుమైనా మిగిలేది."

"అంతదూరం ఎందుకని ఆయన అడుగుతారు కదా. పిచ్చిదాన్ననుకుంటే ఎవరూ ఎందుకని అడగరు బావా."

నాకు నవ్వూ వచ్చింది, ఆవిడ మీద ఎక్కడలేని ముద్దూ వచ్చింది. ఏమనాలో తెలీక, "ఇంకెక్కడికైనా జరపాలా?" అని అడిగాను. "వద్దు, ఇక్కడ బాగుంది" అంది.

ఆ రాత్రి ఈ సంగతంతా మా ఆవిడకి పూసగుచ్చినట్టు చెప్పాను. చెప్పడం పూర్తయ్యాక ఆవిడ చెవుల్లోంచి రెండు దూదిపింజలు తీసి, "ఏమన్నారు?" అంది. ఆ దూది ఎందుకో నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

మరుసటేడు మళ్ళీ వెళ్ళాం. ఈసారి మరదలు కుళాయి పక్కన, మా గుడారానికి ఆనుకుని చోటు చూపించింది. నేను హాయిగా మేకులు కొట్టాను. ఇక దాచేదేముంది, గురక తనదని లోకానికంతా తెలుసు కదా అని ఆవిడ ధీమా. ఆఖరి మేకు దిగింది. నడుం పట్టుకుని లేచాను.

"ఇక్కడ కాదు అన్నయ్యగారూ" అన్నాడు మా తోడల్లుడు.

నేను సుత్తి పట్టుకుని అతనివైపు తిరిగాను.

"ఇక్కడ చీమలున్నాయి" అన్నాడు. అబద్ధం అలవాటులేని మనిషి, చెవులు ఎర్రబడ్డాయి. నన్ను చెయ్యి పట్టుకుని చెట్టు చాటుకి తీసుకెళ్ళాడు. "వాగు పక్కన వేద్దాం. నలుగురి మధ్యా ఉంటే తనని నవ్వుతారు. తనతో అనకండి. చీమలనే చెప్పండి."

చీమలనే చెప్పాను. మరదలు నన్ను అనుమానంగా చూసింది, ఆ చూపు నాకు తెలుసు, ఎన్నో ఏళ్ళు నేనే ఆవిణ్ణి అలా చూశాను. గుడారం వాగు గట్టుకి చేరింది. అంతటితో ఆగలేదు. సాయంత్రం మా తోడల్లుడు చేతులు కట్టుకుని గుడారం గుడారానికీ తిరగడం చూశాను. రేడియో గురించేమో అనుకుని దగ్గరికి వెళ్ళాను.

"రాత్రి గురక వినపడితే మా ఆవిడదని ఎవరైనా చెప్తారు, నమ్మకండి" అని మెల్లగా చెప్తున్నాడు. "అది నాదండీ. ఏమనుకోకండి."

ఎవరి చెవులకీ కష్టం కలిగించని మనిషి. జీవితంలో ఉన్న ఆ ఒక్క గర్వాన్నీ తనంతట తానే తీసి, గుడారానికి ఇంత చొప్పున పంచిపెట్టేస్తున్నాడు. అందరికీ పంచి నా దగ్గరికి వచ్చి, "మీ మరదలికి తెలియనివ్వకండి, బాధపడుతుంది" అన్నాడు.

నా కడుపులో మాట నిలవదు. తిన్నగా వెళ్ళి మరదలికి చెప్పేశాను. ఆవిడ గుడారం తాడు పట్టుకుని చాలాసేపు నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. అవతల మొగుడు ఆఖరి గుడారం ముందు వంగి నిలబడి, ఇంకా చెప్పుకుంటున్నాడు.

"ఆయనతో ఏమీ అనకండి బావా" అంది. "అబద్ధం చెప్తున్నాననుకుంటున్నారు."

అంతలో ఒక కారొచ్చి వాగువైపు ఆగింది. ఎవరో దిగి గుడారం మూట దించుతున్నారు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ, చెరో వైపునుంచీ, ఒకరికి తెలియకుండా ఒకరు, నావైపు చూసి సైగ చేశారు. నేను సుత్తి తీసుకుని మేకులు పీకడం మొదలుపెట్టాను.